తుపానుకు ముందు గోడౌనునూ లారీలనూ సిద్ధం చేసుకోవడం ఎలా?

ఆంధ్ర తీరంలో వ్యాపారం చేసేవారు అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ, మళ్లీ మే నెలలోనూ తుపానును లెక్కలోకి తీసుకోక తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో, 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల వద్ద, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నర్సాపురం దగ్గర తీరం దాటాయి. పెద్ద కంపెనీలకు ఇలాంటి పనులు చూడటానికి వేరే అధికారులుంటారు. ఈ వ్యాసం ఒక రేకుల గోడౌను, అయిదారు లారీలు, పది పదిహేను మంది మనుషులతో నడిచే వ్యాపారం ఉన్నవారి కోసం రాస్తున్నాను.

ఒక విషయం మొదటే చెప్పాలి. గోడౌను గురించి ఎంత శ్రద్ధ తీసుకున్నా, బండ్లను ఎప్పుడు ఆపాలో ముందుగా తేల్చుకోకపోతే ఆ శ్రద్ధ సగమే అవుతుంది. ఒక తుపానులో మా డ్రైవరు ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముల లోడుతో వస్తూ మూడుసార్లు ఫోన్ చేసి, గాలి ఎక్కువగా ఉంది, ఆపేయమంటారా అని అడిగాడు. ఇంకో అరవై కిలోమీటర్లే కదా, వచ్చేయమని నేనే అన్నాను. బండి పొలంలోకి పక్కకు ఒరిగింది. అతను గీతలతో బయటపడ్డాడు గాని, ఆ రాత్రి నేను చెప్పిన మాట తప్పని ఇప్పటికీ ఒప్పుకుంటాను. అందుకే కింది అంచెల్లో రెండోదాన్ని మిగిలినవాటి కంటే ముఖ్యమైనదిగా చూడమని కోరుతున్నాను.

మొదటి అంచె: హెచ్చరికను చదవడం తెలుసుకోండి

భారత వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి పేర్లు పెడుతుంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వరకు వాయుగుండం, 50 నుంచి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుంచి 88 వరకు తుపాను, 89 నుంచి 117 వరకు తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను. పేరు కంటే అంకె మీద దృష్టి పెట్టండి. ప్రకటనలో 90 నుంచి 100 కిలోమీటర్లు, గరిష్ఠంగా 110 అని ఉంటే, ఆ చివరి అంకె ఉండుండి విసిరికొట్టే ఈదురుగాలిది. రేకును లేపేదీ, లారీని ఒరగదోసేదీ ఆ విసురే కాబట్టి మీ ఏర్పాట్లన్నీ చివరి అంకెకే చేసుకోవాలి.

తీరానికి ఇచ్చే హెచ్చరికలు అంచెలంచెలుగా వస్తాయి. సుమారు 72 గంటల ముందు తొలి సూచన, ప్రతికూల వాతావరణం మొదలవడానికి 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు అసలు హెచ్చరిక వెలువడతాయి. టీవీలో పదే పదే వినిపించే ఓడరేవుల ప్రమాద సూచిక అంకెలు ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. అవి ఓడల కోసం ఉద్దేశించినవి. మూడో నంబరు ఎగరేశారని విని, ఇంకా మూడే కదా అని ఊరుకున్న వ్యాపారులను నేను చూశాను. మీ గోడౌనుకు కావలసిన సమాచారం జిల్లావారీ ప్రకటనలో, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉంటుంది.

తీరం దాటే చోటు మీకు ఏ దిక్కున ఉందో కూడా చూసుకోండి. బంగాళాఖాతపు తుపానులో గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి, అది వాయవ్యంగా కదులుతూ మన తీరాన్ని తాకినప్పుడు, తాకిన చోటుకు ఉత్తరాన ఉన్నవారికి గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన ప్రమాదం వారికే ఎక్కువ. దక్షిణాన ఉన్నవారికి అదే గాలి నేల వైపు నుంచి వస్తుంది. కాకినాడ వ్యాపారి నర్సాపురం దగ్గర తీరం దాటుతుందట అని విని కుదుటపడకూడదంటే కారణం ఇదే.

రెండో అంచె: ఆపే అధికారం ఎవరిదో కాగితం మీద పెట్టండి

సెప్టెంబరులోనే ఒక పేజీ కాగితం రాసి ఆఫీసు గోడకు అంటించి, ప్రతి డ్రైవరు ఫోనుకూ పంపండి. అందులో మూడు విషయాలుంటే చాలు. 48 గంటల ప్రకటన వచ్చాక తీరప్రాంతానికి కొత్త లోడు ఎత్తకూడదని మొదటిది. 24 గంటల హెచ్చరిక వచ్చేసరికి ప్రతి బండీ ఇంటికి చేరి ఉండాలి, లేదా ముందే నిర్ణయించిన విడిదిలో నిలిచి ఉండాలి అన్నది రెండోది. ఇక మూడోది, అందరికంటే డ్రైవరే ఎక్కువగా చదవాల్సిన వాక్యం: దారిలో ప్రమాదమని తోచినప్పుడు ఎవరినీ అడగకుండా బండి ఆపే హక్కు అతనికుంది, ఆపిన రోజులకు జీతంలోగాని బత్తాలోగాని కోత ఉండదు. ఈ చివరి మాట లేకపోతే మొదటి రెండూ పనిచేయవు. బత్తా పోతుందన్న భయం ఉన్నవాడు గాలిని తక్కువగానే అంచనా వేస్తాడు.

గంటలను వెనక్కి లెక్కపెట్టండి. విజయవాడ నుంచి విశాఖపట్నం సుమారు 350 కిలోమీటర్లు, లోడు లారీకి ఆగడాలతో కలిపి పది గంటల పైమాటే. తీరం దాటేది రాత్రి పదకొండింటికని చెప్పినా బలమైన గాలులు మధ్యాహ్నానికే మొదలవుతాయి. కాబట్టి లెక్క గాలులు మొదలయ్యే వేళ నుంచే జరగాలి, తీరం దాటే వేళ నుంచి కాదు. దారిలో అధికారులు ఆపేసే అవకాశాన్ని కూడా కలుపుకోండి. మొంథా వచ్చిన రాత్రి కోస్తా జిల్లాల్లో వాహనాల రాకపోకలను నిలిపివేశారు. అలా మధ్యలో చిక్కుకున్న బండికి మీరు ఎంచుకున్న విడిది దొరకదు, దొరికినచోటే ఉండాల్సి వస్తుంది.

బండి ఆగితే ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం) గడువు మాటేమిటని డ్రైవర్లు అడుగుతారు. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత వరకూ, ప్రకృతి వైపరీత్యాన్ని కారణంగా చూపి పొడిగించుకోవచ్చు. తుపాను వేళ మీ ఊళ్లో ఇంటర్నెట్ ఉండకపోవచ్చు గనక, ఈ పని చేసిపెట్టే మనిషిని హైదరాబాదులోనో మరో లోపలి ఊళ్లోనో ముందుగా చూసిపెట్టుకోండి.

మూడో అంచె: కప్పు, షట్టరు

రేకుల షెడ్డు ఎలా పోతుందో తెలిస్తే దాన్ని ఎలా కాపాడాలో తెలుస్తుంది. గాలి కప్పు మీదుగా దూసుకుపోయేటప్పుడు రేకును నొక్కదు, పైకి లాగుతుంది. ఆ లాగుడు చూరు అంచుల్లో, మూలల్లో, నడికొప్పు దగ్గర అన్నిటికంటే ఎక్కువ. ఇది ఇలా ఉండగా షట్టరు లోపలికి వంగి విరిగిందంటే, గాలి లోపలికి చొరబడి కింది నుంచి కూడా రేకులను పైకి తన్నుతుంది. పైన లాగుడూ కింద తన్నుడూ కలిసిన నిమిషంలోనే కప్పు లేచిపోతుంది. కాబట్టి మీ కప్పును కాపాడే మొదటి వస్తువు షట్టరే.

షట్టరు రెండు పక్కలా దిగే కాలువ పట్టీలు గోడకు గట్టిగా ఉన్నాయో లేదో, బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. పది అడుగుల వెడల్పు దాటిన షట్టరుకు లోపలి వైపు నిలువుగా ఒకటి రెండు ఇనుప గొట్టాలు, పైన దూలానికీ కింద నేలలో వేసిన గుంతకూ బిగించేలా, వెల్డింగు చేసేవారితో ముందే చేయించి పెట్టుకోండి. తుపాను ముందురోజు వాటిని నిలబెట్టడం అరగంట పని. లోడు లారీని షట్టరుకు అడ్డంగా ఆనించి పెట్టడం కొందరికి అలవాటు. గాలికి లారీ కదిలితే షట్టరుతోపాటు గోడ కూడా పోతుంది.

కప్పు మీదికి మనిషిని ఎక్కించే పని వారం ముందే, ఎండలో, నడుముకు తాడు కట్టి చేయించాలి. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టనివ్వకండి, కింద పర్లిన్ (రేకులను మోసే అడ్డకమ్మీ) ఉన్నచోట పలక వేసి దాని మీదే నడవమనండి. రేకును పర్లిన్‌కు పట్టి ఉంచే ప్రతి జె బోల్టునూ, స్క్రూనూ చేత్తో కదిపి చూడమనండి. రబ్బరు వాషరు ఎండి పగిలినచోట కొత్తది వేసి, అంచుల్లోనూ మూలల్లోనూ స్క్రూల మధ్య దూరం సగానికి తగ్గేలా అదనపు స్క్రూలు వేయించండి. వాన నీటి గొట్టాల్లో పేరుకున్న ఆకులు తీయించకపోతే, కప్పు నిలిచినా నీరు వెనక్కి తన్ని సరుకు మీదే పడుతుంది. రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టడం చిన్న షెడ్డుకు కొంత ఉపయోగపడవచ్చు గాని, బలహీనమైన సిమెంటు రేకు ఆ బరువుకే పగిలే ప్రమాదం ఉంది.

కొత్తగా షెడ్డు వేయించేవారికి ఒక మాట. భవనాల మీద గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి, విజయవాడకు 50 మీటర్లు. వేగంలో తేడా తక్కువగా కనిపించినా, ఒత్తిడి వేగపు వర్గంతో (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుంది కనుక, తీరంలో కప్పు మీద భారం దాదాపు 30 శాతం ఎక్కువ. హైదరాబాదు శివార్లలో వేసిన షెడ్డు నమూనానే తెచ్చి తీరంలో అలాగే దింపుతామంటే ఒప్పుకోకండి.

ఆవరణలో వదులుగా ఉన్న ప్రతి వస్తువునూ లోపల పెట్టండి. మిగిలిపోయిన రేకులు, ఖాళీ డ్రమ్ములు, పాలెట్లు (సరుకు కింద వేసే చట్రాలు), బోర్డులు గాలిలో లేచి ఎదురింటివారి గోడను కొట్టినా మీ సొత్తే. పైకప్పు మీది ఖాళీ నీళ్ల ట్యాంకును నింపి ఉంచండి, నిండిన ట్యాంకు అంత తేలికగా కదలదు.

నాలుగో అంచె: సరుకు, కరెంటు, కాగితాలు

సరుకును నేల నుంచి కనీసం రెండు పాలెట్ల ఎత్తుకు లేపి, గోడకు ఆనకుండా, కప్పు మూలల కింద లేకుండా మధ్యకు చేర్చి టార్పాలిన్ కప్పండి. ఉప్పెన చేరగల లోతట్టు చోటయితే ఎత్తు లేపడంతో సరిపెట్టుకోవద్దు, విలువైన సరుకును లోపలి ఊరికి తరలించండి. నీటితో కలిస్తే ప్రమాదమయ్యే వాటిని మొదట తీసేయాలి. కాల్షియం కార్బైడు తడిస్తే మండే వాయువు పుడుతుంది. బ్లీచింగు పౌడరు తడిసి పాడైతే క్లోరిను వాయువు రావచ్చు.

కరెంటు పోయేదాకా ఆగకుండా, గాలి ముదరకముందే మెయిన్ స్విచ్ దించండి. జనరేటరు ఉంటే చేంజోవర్ స్విచ్ (బయటి లైనును తెంచి జనరేటరుకు మార్చేది) లేకుండా నడపవద్దు. మీ జనరేటరు కరెంటు వెనక్కి లైన్లలోకి పారితే, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. దాన్ని మూసిన గదిలో నడిపితే వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, అది లోపలున్నవారికి తెలియకుండానే చంపుతుంది. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పలకలేదు, పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరారు. కాబట్టి బండ్ల ట్యాంకులు నింపి ఉంచడం, వారానికి సరిపడా నగదు చేతిలో పెట్టుకోవడం, అందరూ ఏ చోట, ఏ పూట కలవాలో ఫోన్లు పలికేటప్పుడే చెప్పుకోవడం అవసరం.

బీమా గురించి సెప్టెంబరులోనే తెలుసుకోండి. ఒకచోట ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలలోపు ఉన్నవారికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 నుంచి 50 కోట్ల మధ్య ఉన్నవారికి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష పాలసీలు 2021 ఏప్రిల్ నుంచి ఉన్నాయి. తుపాను, వరద నష్టాలు వీటిలో వర్తిస్తాయి. లారీకి థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే బండికి జరిగిన నష్టానికి రూపాయి రాదు. గోడౌను లోపలా బయటా ప్రతి వైపు నుంచీ, సరుకు వరుసలతో సహా, ముందురోజు వీడియో తీసి, స్టాకు రిజిస్టరు ఫోటోలతో కలిపి ఊరి బయట ఉన్న బంధువుకు పంపించండి.

ఐదో అంచె: డ్రైవర్లకు చెప్పవలసినవి

గాలి బరువును అంకెల్లో చెబితే అనుభవమున్న డ్రైవరు కూడా వింటాడు. గంటకు 100 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 47 కిలోల ఒత్తిడి పెడుతుంది. 32 అడుగుల కంటైనరు బండి పక్క భాగం దాదాపు 23 చదరపు మీటర్లు, అంటే పక్క నుంచి పదకొండు వందల కిలోల తోపు. గాలి 140కి చేరితే అది రెట్టింపవుతుంది. సిమెంటు లోడుతో ఉన్న బండి దీన్ని తట్టుకోవచ్చు, ఖాళీ కంటైనరు తట్టుకోలేదు. తిత్లీ సమయంలో పలాస ప్రాంతంలో జాతీయ రహదారి మీద లారీలు బోల్తా పడ్డాయి. ఖాళీ బండే భద్రమన్న అపోహ మన రోడ్ల మీద చాలా ఉంది. గాలి విషయంలో నిజం దానికి సరిగ్గా తలకిందులు.

విడిది ఎంచుకునేటప్పుడు చెట్టు కింద, హోర్డింగు కింద, కరెంటు తీగల కింద, టోల్‌గేటు కప్పు కింద, కాలువ గట్టు మీద బండి పెట్టవద్దని చెప్పండి. కాంక్రీటు భవనం చాటు, మెరక నేల చూసుకుని, వీలైతే బండి ముక్కు గాలి వచ్చే దిక్కుకు ఉండేలా పెట్టాలి. చక్రాలకు దిమ్మెలు వేయాలి. టార్పాలిన్ వదులుగా ఉంటే తెరచాపలా మారి బండినే లాగుతుంది, అందుచేత తాళ్లను అడ్డంగా, మళ్లీ ఐమూలగా బిగించాలి. రాత్రికి మనుషులు బండిలో పడుకోకుండా పక్కా భవనంలో ఉండాలి, దాని ఖర్చు మీరే ఇవ్వాలి.

రావులపాలెం, సిద్ధాంతం దగ్గర గోదావరి పాయల మీది పొడవాటి వంతెనల పైన అడ్డుగాలికి ఏ చాటూ ఉండదు. ఈదురుగాలి మొదలయ్యాక వాటిని ఎక్కకుండా ఇవతలే ఆగాలి. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డును అలలు కోసేయడం కొత్త కాదు, హెచ్చరిక ఉన్నప్పుడు ఆ దారిని మరిచిపొమ్మనండి. జాతీయ రహదారి కదా అన్న ధీమా కూడా పనికిరాదు. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద 16వ నంబరు రహదారే తెగింది.

రోడ్డు మీద పారే నీరు అడుగు లోతుంటే చిన్న కార్లను తేల్చగలదు, రెండడుగులుంటే చాలా వాహనాలను లాక్కుపోగలదు. లారీ ఎత్తు చూసి డ్రైవరుకు ధైర్యం వస్తుంది గాని, నీటి కింద రోడ్డు ఉందో తెగిందో ఆ ఎత్తు చెప్పలేదు. నీటిలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. సిలిండరులోకి చేరిన నీటితో లోపలి భాగాలు వంగిపోతాయి, ఆ నష్టాన్ని బీమావారు నిరాకరించవచ్చు.

తెగిన కరెంటు తీగ బండి మీద పడితే క్యాబిన్‌లోనే కూర్చోవాలి. మంటలు లేచి దిగక తప్పనప్పుడు, బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ దగ్గరపెట్టి దూకి, పాదాలు ఎడం కాకుండా జరుగుతూ దూరం పోవాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033, అత్యవసరానికి 112, జిల్లా కంట్రోల్ రూముకు 1077 నంబర్లను క్యాబిన్‌లో పెద్ద అక్షరాలతో అంటించండి.

ఆరో అంచె: గాలి తగ్గిన తర్వాత

తుపాను కన్ను మీ మీదుగా పోతే, గాలి ఉన్నట్టుండి నిలిచి ఆకాశం తేటపడుతుంది. అరగంటో గంటో తర్వాత అదే గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ విరామంలో షట్టరు తెరిచి చూద్దామని వెళ్లకూడదు, బండి కదపకూడదు. తుపాను దాటిందని అధికారిక ప్రకటన వచ్చేదాకా ఎవరినీ బయటికి పంపకండి.

తర్వాత గోడౌనుకు ఇద్దరుగా, బూట్లు వేసుకుని, చేతికర్రతో వెళ్లండి. నీరు చేరిన చోట పాములు పాలెట్ల సందుల్లో ఉంటాయి. వేలాడే రేకుల కింద నిలబడకండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ స్విచ్ ఎత్తవద్దు. ఏదీ కదపకముందే ఫోటోలు తీసి, బీమా కంపెనీకి కబురు పంపి, ఆ తర్వాతే తడిసిన సరుకును పొడి సరుకు నుంచి విడదీయండి. సర్వేయరు వచ్చేదాకా పాడైన సరుకును పారేయకుండా పక్కన పెట్టించండి.

ఎగిరిన రేకుల చోట టార్పాలిన్ కట్టించడం, వదులైన స్క్రూలు బిగించడం బీమా సొమ్ము కోసం ఆపకుండా అదే వారంలో చేయించండి, రసీదులు దాచుకోండి. 2013లో నవంబరు 22న హెలెన్ మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది. సరిగ్గా ఆరు రోజులకు, నవంబరు 28న, బలహీనపడిన లెహర్ కూడా మచిలీపట్నం దగ్గరే నేలనెక్కింది.